నల్లా కింద బిందె నిండే చప్పుడు: ఇంటి శబ్దాలతో మనసును కుదుటపరచుకునే పద్ధతి

నల్లగొండలో మా ఇంటికి నల్లా నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి. చిన్నప్పుడు నేను బిందె పెట్టి, పక్కనే నిలబడి ఏదో ఆలోచనలో పడిపోతే, లోపల పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తున్న మా అమ్మ తల కూడా తిప్పకుండా "నిండవట్టింది, బంద్ జెయ్యి బిడ్డా" అని కేకేసేది. ఆమెకు బిందె కనబడే వీలు లేదు. మధ్యలో గోడ ఉండేది. రోజూ చేసే పని కాబట్టి సమయాన్ని అంచనా వేస్తున్నదని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆమె నిజంగా వింటున్నదని, నీళ్ళు పైకి వచ్చేకొద్దీ బిందె స్వరం మారడాన్ని చేతిలో పని ఆపకుండానే పట్టుకుంటున్నదని తెలుసుకునేసరికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

ఆ మధ్యకాలంలో నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాసే పని చేశాను. పగలంతా యంత్రాల హోరు మధ్య కూర్చుని, రాత్రి ఇంటికి వచ్చి పడుకుంటే గది నిశ్శబ్దంగా ఉండేది గాని తల నిశ్శబ్దంగా ఉండేది కాదు. బాకీలు, లారీల నంబర్లు, ఎవరో అన్న మాటలు అన్నీ ఆ చీకట్లోనే గట్టిగా వినపడేవి. ఫోన్లో వాన చప్పుడు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు నిద్ర పట్టింది, ఆ తర్వాత ఫోన్ లేకపోతే నిద్ర పట్టని స్థితి వచ్చింది. చివరికి నాకు అక్కరకు వచ్చినది మా అమ్మ విన్న పద్ధతే. ఒక శబ్దాన్ని అది మొదలైన చోటు నుంచి ఆగిపోయే చోటు దాకా వదలకుండా వినడం, అంతే. శబ్దం తియ్యగా ఉండాలన్న నియమం లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉండాలన్న నియమమూ లేదు. ఆ పద్ధతిని అలవాటు చేసుకోవడం ఎలాగో, ఎక్కడెక్కడ తడబడతామో, ఎవరు జాగ్రత్తగా ఉండాలో వివరంగా చెబుతాను.

శబ్దమే ఎందుకు

మనసును నిలపడానికి సాధారణంగా శ్వాసను గమనించమని చెబుతారు. అది మంచి పద్ధతే, కాని ఆందోళన ఎక్కువగా ఉన్నవారిలో కొందరికి ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. శబ్దం ఒంటికి బయట ఉంటుంది కాబట్టి అటువంటి వారికి అది సులువైన ఆసరా. పైగా దానికోసం మనం ఏమీ చేయనక్కరలేదు. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నిద్రలో కూడా చెవి పని చేస్తూనే ఉంటుంది. గాలిలో వచ్చిన కదలిక కర్ణభేరిని తాకి, దాని వెనుక ఉన్న మూడు చిన్న ఎముకల గొలుసు గుండా లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు గొట్టానికి చేరుతుంది. ఆ మూడింటిలో చివరిదైన అంకవన్నె ఎముక సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. మనిషి ఒంట్లో దానికంటే చిన్న ఎముక లేదు. ఆ గొట్టంలోని సన్నని కేశకణాలు కదలికను నాడీ సంకేతంగా మారుస్తాయి. వయసులో ఉన్న మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా పట్టుకోగలదు. ఇంత పనితనం రోజంతా జరుగుతూనే ఉంటుంది, మనం దాన్ని పట్టించుకోము. ఎందుకంటే మారకుండా మోగే శబ్దాన్ని మెదడు కొద్ది నిమిషాలలోనే పక్కకు నెట్టేస్తుంది. ఫ్యాన్ తిరుగుతున్న సంగతి కరెంటు పోయినప్పుడు గాని తెలియకపోవడానికి అదే కారణం.

అందుకే ఈ అభ్యాసానికి ఏకధాటిగా మోగే శబ్దం కంటే మారుతూ ఉండే శబ్దం, ముగింపు ఉన్న శబ్దం ఎక్కువ ఉపయోగపడుతుంది. నీటి శబ్దాలను, పక్షుల కూతలను నేను ముందుగా సూచించడానికి ఇంకొక ఆధారం కూడా ఉంది. ప్రకృతి శబ్దాలు మనిషి మీద చూపే ప్రభావం గురించి అంతకుముందు వచ్చిన పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2021లో అమెరికాలో వెలువడింది. మనసుకు ఆహ్లాదం కలిగించడంలో, ఆరోగ్యానికి మేలు చేయడంలో నీటి శబ్దాలు ముందున్నాయని, ఒత్తిడిని, చికాకును తగ్గించడంలో పక్షుల కూతలు ముందున్నాయని అందులో తేలింది. మన సంప్రదాయంలో తొమ్మిది విధాల భక్తిని చెప్పినప్పుడు శ్రవణాన్ని మొదట పెట్టారు. హఠయోగంలో లోపలి నాదాన్ని వినే నాదానుసంధానం అనే సాధనే ఉంది. నేను ఇక్కడ చెప్పేది అంత లోతైన సాధన కాదు, వంటింటి గడప దాటనక్కరలేని పని.

సమయం, చోటు

వీలైతే సూర్యోదయానికి ముందు అరగంటను ఎంచుకోండి. మనుషుల సందడి తక్కువగా ఉండటం ఒక కారణం, గాలి స్వభావం రెండవ కారణం. రాత్రంతా నేల చల్లబడటం వల్ల నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లగా, దాని పైనున్న గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. అటువంటప్పుడు పైకి పోవలసిన శబ్దం వంగి తిరిగి నేల వైపు వస్తుంది. పగలు ఎంత చెవి పెట్టినా వినపడని రైలు కూత తెల్లవారుజామున మా ఇంటి మిద్దె మీదికి స్పష్టంగా రావడానికి ఇదే కారణం. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మూడు కిలోమీటర్ల దూరంలో కూసిన రైలు కూత మన చెవికి చేరేసరికి దాదాపు తొమ్మిది సెకన్లు గడుస్తాయి.

కూర్చోవడానికి ఇంటి ముందరి గద్దె, నులక మంచం, మిద్దె మెట్టు ఏదైనా సరిపోతుంది. వెన్ను ఆనించుకోవచ్చు. కళ్ళు మూసుకుంటే నిద్ర వచ్చేవారు నేల మీద ఒకచోట చూపు నిలిపి కూర్చోవచ్చు. ఫోన్ వేరే గదిలో ఉండాలి. నిశ్శబ్దంలో పెట్టి జేబులో ఉంచుకోవడం చాలదు. పది నిమిషాలు చాలు. సమయం చూసుకోవడానికి గడియారం అవసరం లేకుండా, ఒక అగరుబత్తి సగం కాలేదాకా అని పెట్టుకున్నా సరే, నల్లా వచ్చేదాకా అని పెట్టుకున్నా సరే.

మొదటి మెట్టు: ఏమేమి వినపడుతున్నాయో చూసుకోవడం

మొదటి వారం ఏ ఒక్క శబ్దాన్నీ ఎంచుకోవద్దు. ముందు దూరం నుంచి మొదలుపెట్టండి. వినపడుతున్న వాటిలో అన్నింటికంటే దూరంగా ఉన్నది ఏది? హైవే మీద లారీ కావచ్చు, పక్క ఊరి గుడి మైకు కావచ్చు, చెరువు అవతల కుక్కల అరుపు కావచ్చు. ఒక నిమిషం ఆ దూరంలోనే ఉండండి. తర్వాత వాడ దాకా దగ్గరికి రండి: ఎవరో పొరకతో వాకిలి ఊడుస్తున్నారు, ఎవరో సాన్పు చల్లుతున్నారు, పాల బండి ఆగింది. ఆ తర్వాత సొంత ఇంట్లోకి రండి. చివరగా మీ ఒంటి దగ్గరి శబ్దాలు, అంటే బట్టల కదలిక, మింగిన గుటక, ముక్కులో గాలి. దూరం నుంచి దగ్గరికి రావడానికి కారణం ఉంది. కలత పడ్డ మనసు తన చుట్టూనే తిరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని ముందు ఊరి అంచు దాకా తీసుకుపోయి, నెమ్మదిగా ఇంటికి తీసుకురావడం తేలిక.

కెనడా స్వరకర్త ముర్రే షాఫర్ 1960ల చివరి నుంచి తన విద్యార్థులకు ఇటువంటి పనులే ఇచ్చేవాడు. ఒక చోట కూర్చుని వినపడినవన్నీ కాగితం మీద రాయమనేవాడు, శబ్దాలను వింటూ మాట్లాడకుండా నడవమనేవాడు. మీరు కూడా మొదటి వారం కూర్చుని లేచాక ఒక నోట్‌బుక్‌లో వినపడినవి రాసి పెట్టుకోండి. నేను మొదటి రోజు పదకొండు రాశాను. వారం తర్వాత అదే గద్దె మీద, అదే సమయానికి ముప్పై దాటాయి. వాడలో కొత్తగా మోగినవేమీ లేవు, అవన్నీ అంతకుముందు కూడా ఉన్నవే.

రెండవ మెట్టు: ఒక్క శబ్దాన్ని చివరి దాకా వినడం

ఈ మెట్టు దగ్గర ఎక్కువ కాలం ఉండాలని నా అభిప్రాయం. రెండు మూడు వారాలు ఇక్కడే గడిపినా నష్టం లేదు.

నల్లా కింద ఖాళీ స్టీలు బిందె పెట్టండి. తొలి నీటి ధార అడుగున తాకినప్పుడు గరుకైన, విడివిడిగా ఉన్న మోత వస్తుంది. ఆ మోతలో లోహం చప్పుడే ఎక్కువ, నీటి చప్పుడు తక్కువ. అడుగు మునిగి నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు చేరగానే లోహపు మోత తగ్గి బుడగల శబ్దం పైకి వస్తుంది. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఆ బుడగల శబ్దం వెనుక, బిందె కడుపులో నుంచి, ఒక సన్నని ఊళ వంటి స్వరం మెల్లగా పైకి ఎక్కుతూ ఉంటుంది. నీళ్ళు పెరిగేకొద్దీ బిందెలో గాలికి చోటు తగ్గుతుంది. తక్కువ గాలి ఎక్కువ వేగంగా కంపిస్తుంది. అందువల్ల స్వరం పెరుగుతుంది. మెడ దగ్గరికి వచ్చాక ఈ ఎక్కడం ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. మా అమ్మ కేకేసేది సరిగ్గా అప్పుడే. నిండి పొర్లేటప్పుడు ఆ స్వరం తెగిపోయి, నేల మీద పడే నీటి చప్పుడు మాత్రం మిగులుతుంది. నల్లా కట్టేసిన తర్వాత కూడా రెండు మూడు చుక్కలు పడతాయి. చివరి చుక్క దాకా ఉండండి. పెద్ద బిందెకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ రెండు మూడు నిమిషాలు ఏ అభ్యాసానికైనా తక్కువేమీ కాదు.

నీళ్ళు దుబారా చేయవద్దు. వినడం కోసమని నల్లా విప్పకండి; ఎలాగూ నింపవలసిన బిందెను వింటూ నింపండి.

నల్లా వేళకు రాని ఇళ్ళలో కంచు గంటను వాడుకోవచ్చు. దేవుడి గూట్లోని చిన్న గంటను ఒక్కసారి మోగించి, మోత పూర్తిగా ఆగేదాకా వినండి. ఆగిపోయిందని మీకు తోచిన తర్వాత ఇంకో మూడు క్షణాలు వేచి చూస్తే, అది నిజంగా ఆగలేదని, సన్నగా ఇంకా మిగిలి ఉందని చాలాసార్లు తెలుస్తుంది. ఎక్కడ ఆగిందో గీత గీసి చెప్పలేము. ఆ గీత కోసం వెతికే కొద్ది క్షణాల్లో తలలోని మాటలు వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే అంత సన్నని శబ్దాన్ని వింటూ మరొక సంగతిని తలచుకోవడం సాధ్యం కాదు. ఈ అభ్యాసం మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. గంటను ఐదు సార్లకు మించి మోగించవద్దు. ఆ తర్వాత చెవికి అలవాటై శ్రద్ధ తగ్గుతుంది.

మూడవ మెట్టు: పేరు తీసేసి వినడం

శబ్దం వినపడగానే మనసు దానికి పేరు పెడుతుంది, పేరు వెంట కథ వస్తుంది. బైకు చప్పుడు అనగానే ఎవరి బైకు, ఇంత పొద్దున ఎక్కడికి పోతున్నాడు అనే దాకా ఆలోచన పోతుంది. దీనికి మంచి ఉదాహరణ తీతువు పిట్ట. రాత్రిపూట అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే కీడు జరుగుతుందని మా పెద్దవాళ్ళు ఉప్పు తీసి పొయ్యిలో వేసేవారు. ఆ అరుపు వింటే నాకు కూడా చాలా ఏళ్ళు కడుపులో చేయి పెట్టి తిప్పినట్టు ఉండేది. తీతువు నేల మీదే గుడ్లు పెట్టే పక్షి. నక్కో, కుక్కో, మనిషో దాని గుడ్ల దగ్గరగా నడిస్తే అది లేచి తిరుగుతూ అరుస్తుంది. ఈ సంగతి తెలిశాక భయం కొంత తగ్గింది. పూర్తిగా పోయింది మాత్రం ఆ అరుపును వట్టి స్వరంగా విన్న రోజున. ఒక పొడుగు స్వరం, వెంటనే మూడు పొట్టి స్వరాలు, మధ్యలో చిన్న విరామం, అది దూరమయ్యేకొద్దీ పలచబడటం. కీడు అనే మాట ఆ స్వరంలో ఎక్కడా లేదు.

అభ్యాసం ఇలా చేయండి. ఒక శబ్దం వినపడగానే దాని పేరు మనసులోకి వస్తుంది, రానివ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు మాత్రమే వేసుకోండి: ఇది ఎత్తుగా ఉందా, తగ్గుగా ఉందా? గరుకుగా ఉందా, నున్నగా ఉందా? ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతున్నది? జవాబులు మాటల్లో చెప్పుకోనక్కరలేదు. ఇందులో తొందరపడితే పని కాదు, పేరును బలవంతంగా నెట్టేయాలని చూస్తే అది ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

మనసు మధ్యలో ఎటో పోతుంది. పోయిందని తెలియగానే, ఆ క్షణంలో వినపడుతున్న మొదటి శబ్దం దగ్గరికి తిరిగి రండి. ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టకండి.

నాలుగవ మెట్టు: చేతిలో పని ఉండగా వినడం

కూర్చుని వినడం బాగా అలవాటైన తర్వాత గాని దీనికి రావద్దు. ఇక్కడ శబ్దం చేసేది మీరే అవుతారు. జొన్నరొట్టె దీనికి అన్నింటికంటే మంచి పని అని నేను గట్టిగా నమ్ముతాను. వేడినీళ్ళతో తడిపిన ముద్దను పీట మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టినప్పుడు చప్పుడు మందంగా, మెత్తగా ఉంటుంది. రొట్టె పలచబడేకొద్దీ అరచేతి కింద పీట చప్పుడు తెలుస్తుంది, లయ కొంచెం వేగం అందుకుంటుంది. రొట్టె తిరుగుతున్నప్పుడు పొడిపిండి మీద సన్నని రాపిడి వినపడుతుంది. పెంక మీద వేసి తడి చేత్తో నీళ్ళు రాసినప్పుడు వచ్చే చుయ్ అనే శబ్దాన్ని బట్టి పెంక వేడి తెలుస్తుంది. పాలమూరు ఇళ్ళలో రోజూ పది, పదిహేను రొట్టెలు చేసే ఆడవాళ్ళు ఈ చప్పుళ్ళను బట్టే పని నడుపుతారు. ఏది ఎప్పుడు తిప్పాలో చూపు కంటే చెవి ముందు చెబుతుంది. మీ ఇంట్లో రొట్టెలు చేసేవారు ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని ఒక వారం వినండి, ఆ తర్వాత సొంతంగా చేయండి.

ఆకిలి ఊడ్వడం, బియ్యం చెరగడం, చాయ్ మరిగించడం, పంపుసెట్టు కట్టేశాక కాలువలో మిగిలిన నీరు పారడం అన్నీ ఇటువంటివే. ఒక రోజుకు ఒకే పనిని ఎంచుకోండి. అన్ని పనుల్లోనూ శ్రద్ధగా ఉంటానని పెట్టుకుంటే మధ్యాహ్నానికే అలసిపోతారు.

ఇల్లు దాటి బయటికి వెళ్ళాలనుకుంటే

నెలకు ఒకటి రెండు సార్లు శబ్దం కోసమే ఎక్కడికైనా పోవడం మంచిది. నల్లగొండ వారికి పానగల్లు చాలు. కందూరు చోడుల కాలపు ఉదయ సముద్రం చెరువు కట్ట మీద సాయంత్రం నడిస్తే, రాళ్ళకు తాకే అలల చప్పుడు ఒక వైపు, పొలాల వైపు నుంచి వచ్చే గువ్వల మూలుగు ఇంకో వైపు వినపడతాయి. కట్ట పొడుగునా మాట్లాడకుండా నడవండి. వెంట ఎవరైనా వస్తే ముందే ఒప్పందం చేసుకోండి, తిరిగి వచ్చాక ఎవరేమి విన్నారో చెప్పుకోండి.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి ఆకుల సవ్వడి వినడానికి మంచి చోటు. చెదలు పట్టిన కొమ్మలకు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు అది. దూరంగా కూర్చునే వినండి, కొమ్మలను ముట్టుకోకండి. మర్రి ఆకు మందంగా ఉంటుంది కాబట్టి దాని చప్పుడు బరువుగా, ఆగి ఆగి వస్తుంది. నల్లగొండ తాటివనాల చప్పుడు దీనికి పూర్తిగా వేరు. ఎండిన తాటి మట్టలు గాలికి ఒకదానికొకటి రాసుకుంటుంటే వాన మొదలైందని తలెత్తి చూస్తాము. ఈ రెండింటి తేడా తెలిసిన చెవి వేపాకు చప్పుడును కూడా విడిగా గుర్తుపడుతుంది.

పుట్టపాక, పోచంపల్లి, గద్వాల వైపు మగ్గాలు నడిచే వీధిలో ఒక గంట గడపడం నాకు ఎంతో ఇష్టమైన పని. తాడు లాగగానే దారం మోసే నాడె ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దూసుకుపోయే చప్పుడు, ఆ వెంటనే పోగును దగ్గరకు కొట్టే పలక చప్పుడు, వాటి మధ్య గుంటలో కాలితో తొక్కే కర్రల కిర్రుమనే సవ్వడి ఒకే కొలతలో తిరుగుతుంటాయి. పోగు తెగినప్పుడు మాత్రం వీధిలో ఒక మగ్గం ఆగుతుంది, ముడి వేశాక మళ్ళీ కలుస్తుంది. నేత పని చేసేవారికి అది బతుకుదెరువు కాబట్టి అడిగి కూర్చోండి, పనికి అడ్డం పడకండి.

అచ్చంపేట వైపు ఉమామహేశ్వరంలో కొండ సందుల నుంచి కారే నీటి దగ్గర, వానాకాలంలో నల్లమలలోని మల్లెలతీర్థం దగ్గర గడిపే గంటసేపు నెల రోజులు గుర్తుంటుంది. అయితే అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రిపూట మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాకపోకలు ఆపుతారు కాబట్టి పగటి వేళనే వెళ్ళి రండి, ఒంటరిగా దారి తప్పకండి, స్పీకర్లు తీసుకుపోకండి. ఇక మంచి వానలు పడిన సంవత్సరం మీ ఊరి చెరువు నిండి మత్తడి దుంకుతుంటే ఎక్కడికీ వెళ్ళే అవసరమే ఉండదు. మత్తడి దగ్గరి నీటి హోరులో మొదట ఒకే శబ్దం వినపడుతుంది. పావుగంట కూర్చుంటే అందులో బండకు తాకే నీరు, గుంటలో సుడి తిరిగే నీరు, అంచున జారే నీరు వేరువేరుగా తెలుస్తాయి.

చికాకు పెట్టే శబ్దాల సంగతి

ఈ అభ్యాసం మొదలుపెట్టిన వారు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: పక్కనే బోరు వేస్తున్నారు, రాత్రి పన్నెండు దాకా డీజే మోగుతున్నది, వాటిని కూడా ఇలాగే వినాలా? అక్కరలేదు. చిన్న చికాకుల వరకు, అంటే కూలర్ గరగర, పక్కింటి టీవీ, కుక్కర్ ఈల వంటి వాటిని మూడవ మెట్టులో చెప్పినట్టు పేరు తీసేసి వింటే అవి చాలావరకు మెత్తబడతాయి. చెవికి హాని చేసే శబ్దాన్ని ఓర్చుకోవడం సాధన అనిపించుకోదు. దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కిందికి వస్తుంది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించిన చోట ఇంకా తక్కువ, పగలు 50, రాత్రి 40. హద్దు మీరితే పోలీసులకు చెప్పడం మీ హక్కు. మిల్లుల్లో, రాళ్ళ క్రషర్లలో పని చేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోవాలి. నేను ఆ పని చేయలేదు, దాని ఫలితంగా ఈనాటికీ నా ఎడమ చెవిలో సన్నని కూత ఉంది.

ఇయర్‌ఫోన్ల గురించి కూడా చెప్పాలి. పెద్దవారు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాటకుండా వింటే చెవికి ఇబ్బంది ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఫోన్లో రికార్డు చేసిన వాన, అడవి శబ్దాలు అవసరానికి వాడుకోవచ్చు గాని వాటిని ఈ అభ్యాసానికి బదులుగా పెట్టుకోవద్దని నా సలహా. అవి మళ్ళీ మళ్ళీ అదే వరుసలో వస్తాయి కాబట్టి కొద్ది రోజుల్లో మెదడు వాటిని వినడం మానేస్తుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

చెవిలో ఎడతెగని హోరు ఉన్నవారికి పూర్తి నిశ్శబ్దంలో కూర్చుంటే ఆ హోరు పెరిగినట్టు అనిపిస్తుంది. వారు పారే నీరు, ఫ్యాన్ వంటి మెత్తని శబ్దం పక్కన పెట్టుకుని కూర్చోవాలి, ఒకసారి చెవి వైద్యునికి చూపించుకోవాలి. ప్రమాదమో, హింసో చూసినవారికి కొన్ని శబ్దాలు ఆ జ్ఞాపకాన్ని లేపుతాయి; అలా జరిగితే వెంటనే కళ్ళు తెరిచి, కాళ్ళు నేల మీద గట్టిగా ఆనించి, అభ్యాసం అక్కడితో ఆపండి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలని లేకపోవడం వంటివి ఉంటే శబ్దాల మీద ఆధారపడవద్దు. మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎన్నాళ్ళు చేయాలని అడిగితే, ముందు ఎనిమిది వారాలు పెట్టుకోండి. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో ఒత్తిడితో, నొప్పితో బాధపడే రోగుల కోసం మొదలుపెట్టిన శిక్షణ కూడా ఎనిమిది వారాలదే, అందులోనూ శబ్దాలను వినే అభ్యాసం ఉంది. నేను చెప్పిన లెక్కలో మొదటి మెట్టుకు ఒక వారం, రెండవ దానికి మూడు వారాలు, మూడవ దానికి రెండు వారాలు, మిగిలినవి నాలుగవ దానికి. రోజు తప్పితే మరుసటి రోజు రెట్టింపు చేయనక్కరలేదు.

వినికిడి తగ్గినవారు ఈ అభ్యాసం తమకు కుదరదని అనుకుంటారు. మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి, రెండు చెవులూ మందగించాయి, వినికిడి యంత్రం పెట్టుకుంటే తలనొప్పి అని తీసి అల్మారాలో పెడుతుంది. అయినా నల్లా వచ్చే వేళకు ఆమే ముందు లేస్తుంది. బిందె పెట్టి, దాని భుజం మీద అరచేయి ఆనించి నిలబడుతుంది. అడుగున నీళ్ళు పడ్డప్పుడు స్టీలు అదరడం, నీళ్ళు పెరిగేకొద్దీ ఆ అదురు సన్నబడుతూ పైకి రావడం, చల్లదనం వేళ్ళ దాకా ఎక్కడం ఆమె చేతికి తెలుస్తాయి. వినికిడి లేనివారు ఇలాగే చేయవచ్చు: బిందె మీద, మోగుతున్న గంట అంచు మీద, మగ్గం కర్ర మీద చేయి ఆనించి, అదురు పూర్తిగా ఆగేదాకా తీయకుండా ఉండాలి. మొన్న నేను పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని వింటున్నాను. స్వరం మెడ దాకా ఎక్కి వేగం అందుకున్న క్షణాన, నేను కళ్ళు తెరిచేలోపే, ఆమె రెండవ చేయి నల్లా మీద పడింది.